స్లీప్ అప్నియా ఉన్నవారికి రాత్రంతా ఆక్సిజన్ కొలవడం: ఏ పరికరం, ఎలా కట్టాలి, గ్రాఫు ఎలా చదవాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నాన్నగారికి 58 ఏళ్ళు. స్లీప్ స్టడీలో ఏహెచ్ఐ (నిద్రలో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా తగ్గింది అనే లెక్క) 34 వచ్చింది, సీపాప్ (మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే మిషన్) మొదలుపెట్టి నెల దాటింది. మీరు అర్ధరాత్రి లేచి, కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటరు ఆయన వేలికి పెడితే 96 చూపిస్తోంది. అదే రాత్రి ఆయన చేతి వాచీ మాత్రం 83 అని రాసుకుంది. దేన్ని నమ్మాలి, ఆక్సిజన్ మిషన్ కొనాలా అని అడిగారు.

ఆ రెండు అంకెల్లో దేన్నీ పట్టించుకోకండి. 96 నిజమే కావచ్చు, కానీ మీకు కావలసిన క్షణానిది కాదు. 83 నిజం కావచ్చు, ఆయన చెయ్యి ఒంటికింద నలిగినప్పుడు వాచీ తడబడి రాసిన అంకె కూడా కావచ్చు. నిద్రలో ఆక్సిజన్ విషయంలో ఒంటరి అంకె దేనికీ పనికిరాదు. సెకను సెకనుకీ రికార్డయిన గీత, దాని పక్కనే పల్సు గీత, ఈ రెండూ ఉంటేనే మాట్లాడుకోవడానికి ఏదైనా ఉంటుంది.

ముందు 96 సంగతి చూద్దాం. అప్నియాలో ఊపిరి ఆగేది 10 సెకన్ల నుంచి ఒక్కోసారి నిమిషం దాకా. గొంతు మూసుకున్నాక ఊపిరితిత్తుల్లో మిగిలిన ఆక్సిజన్ నెమ్మదిగా ఖర్చవుతుంది. ఆ రక్తం గుండె దాటి వేలి కొసకు చేరడానికి ఇంకొంత సమయం పడుతుంది. వేలి దగ్గర కనిపించే ఆలస్యం సుమారు 20 నుంచి 30 సెకన్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. అందుకే వేలి మీద అత్యల్ప అంకె వచ్చేది ఊపిరి ఆగి ఉన్నప్పుడు కాదు, గుర్రుమని మళ్ళీ ఊపిరి తీసుకున్న తర్వాత. మీరు లైటు వేసి చెయ్యి పట్టుకోగానే ఆయన సగం మేలుకుంటారు, గొంతు కండరాలు బిగుసుకుని దారి తెరుచుకుంటుంది, రెండు మూడు పెద్ద ఊపిర్లు పడతాయి. క్లిప్పు తగిలించి, అది వెలిగి, పల్సు పట్టుకుని, సగటు తీసి అంకె చూపించేలోపు 96 అయిపోతుంది. ఇలా ఎన్ని రాత్రులు చూసినా 96 చుట్టుపక్కలే ఉంటుంది. మీ నిద్ర పోవడం తప్ప ఫలితం లేదు.

పరికరం ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో మీకే అర్థమవుతుంది. జపాన్‌లో నిహోన్ కోడెన్ కంపెనీ ఇంజినీరు తకువో అవోయాగి 1970ల్లో కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. వేలి ఒక వైపు నుంచి రెండు కాంతులు పంపుతారు: 660 నానోమీటర్ల ఎరుపు, 940 దగ్గరి పరారుణం. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ ఎరుపును ఎక్కువగా మింగేస్తుంది, ఆక్సిజన్ పట్టుకున్నది పరారుణాన్ని ఎక్కువగా మింగుతుంది. చర్మం, ఎముక, కదలని రక్తం ఇవన్నీ స్థిరంగా ఉంటాయి కాబట్టి, గుండె కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్ని మాత్రమే విడదీసి, రెండు కాంతుల నిష్పత్తిని ఒక పట్టికతో పోల్చి శాతం చెప్తుంది. ఆ పట్టికను ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు తక్కువ ఆక్సిజన్ ఉన్న గాలి ఇచ్చి తయారుచేస్తారు. వాళ్ళని 70 శాతం కిందికి దించడం క్షేమం కాదు కనుక ఆ కింద అంకెలన్నీ లెక్కగట్టి పొడిగించినవే. 62 వచ్చిందా 66 వచ్చిందా అని కొట్టుకోవడం అనవసరం. 70 కంటే బాగా తగ్గింది, అంతవరకే.

పెట్టె మీద "±2 శాతం" అని రాసి ఉంటే ప్రతి అంకె ఆ హద్దుల్లోనే ఉంటుందని కాదు. సుమారు మూడింట రెండు వంతుల అంకెలు ఆ హద్దుల్లో పడతాయని. అంటే పరికరం 92 అన్నప్పుడు అసలు విలువ 89 కూడా కావచ్చు. కానీ ఒకే వేలు, ఒకే పరికరం, ఒకే రాత్రి అనుకుంటే, 95 నుంచి 88కి పడి మళ్ళీ 95కి రావడమనే తేడాను అది బాగానే పట్టుకుంటుంది. అసలు అంకె కంటే అంకె ఎంత పడిందన్నదే నమ్మదగినది. అప్నియాలో డాక్టర్లు లెక్కపెట్టేది కూడా ఆ పడటాన్నే.

ఇక కొనేటప్పుడు ఎవరూ అడగని విషయం సగటు తీసే సమయం. పరికరం ప్రతి గుండె చప్పుడుకీ అంకె చూపించదు, కొన్ని సెకన్ల సగటు చూపిస్తుంది. నిద్ర పరీక్షలకు అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ నియమం ప్రకారం ఈ సగటు 3 సెకన్లకు మించకూడదు, నిమిషానికి 80 పల్సు దగ్గర. ఆసుపత్రి వార్డుల్లో ఉండే మానిటర్లను అలారం ఊరికే మోగకుండా ఎక్కువ సెకన్ల సగటు మీద పెడుతుంటారు. అలాంటి దానితో కొలిస్తే 95 నుంచి 86కి పడి లేచిన పల్లం కాస్తా 95 నుంచి 90కి పడినట్టు చదునుగా కనిపిస్తుంది, లెక్కలో చాలా పల్లాలు మాయమవుతాయి. ఒకే మనిషికి రెండు పరికరాలు రెండు రకాల లెక్కలు చెప్పడానికి చాలాసార్లు కారణం ఇదే. అలాగే ఎన్ని సెకన్లకొకసారి ఫైలులో రాస్తుందన్నది ఇంకో ప్రశ్న. సెకనుకొకసారి రాసేది మంచిది. 4 సెకన్లకొకసారి రాసేవాటితో గీత ఆకారం తెలుస్తుంది గానీ పల్లాల లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది.

మీ దగ్గరున్న క్లిప్పు రకం రాత్రికి పనికిరాదు. మెమరీ ఉండదు, స్ప్రింగు నొక్కుడుకి రెండు గంటల్లో వేలు నొప్పెడుతుంది, పక్కకి తిరిగినప్పుడు ఊడిపోతుంది. కావలసింది రికార్డు చేసేది. వీటిలో రెండు తరహాలున్నాయి. ఒకటి మణికట్టుకి చిన్న పెట్టె కట్టుకుని దాని నుంచి వైరుతో మెత్తని సిలికాన్ తొడుగు వేలికి పెట్టుకునేది, కాంటెక్ సీఎంఎస్50ఎఫ్, నోనిన్ రిస్టాక్స్2 లాంటివి. రెండోది వెల్యూ ఓటూరింగ్ లాంటి ఉంగరం తరహా. నా ఓటు వైరు తొడుగుకే. ఉంగరం హాయిగా ఉంటుంది, నిజమే, కానీ వేలి మొదట్లో పల్సు బలం కొసకన్నా తక్కువ, వేలి సైజుకి అది సరిపోకపోతే రాత్రి తిరిగిపోతుంది. అయితే వైరు చూస్తేనే చిరాకుపడి పీకేసే మనిషికి ఉంగరమే మేలు, పెట్టుకోని పరికరం కన్నా పెట్టుకున్నది నయం. ఏది కొన్నా రికార్డు ఫైలు బయటికి వస్తుందా, ఓస్కార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని చదవగలదా అని ముందే చూసుకోండి. సీపాప్ కార్డులోని సమాచారాన్ని, ఆక్సీమీటరు గీతను ఒకదాని కింద ఒకటి పెట్టి చూపించేది అదే.

వాచీ గురించి ఒక మాట. మణికట్టు మీద కాంతి దాటిపోదు, వెనక్కి తిరిగి వచ్చినదాన్ని కొలవాలి. అక్కడ పల్సు చాలా బలహీనం, పట్టీ వదులైనా మరీ బిగుతైనా తప్పు వస్తుంది. పైగా చాలా వాచీలు రాత్రంతా కొలవవు, అప్పుడప్పుడు ఒకసారి చూసి రాసుకుంటాయి. రెండు కొలతల మధ్య పది పల్లాలు వెళ్ళిపోయినా వాటికి తెలియదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఆపిల్ వాచీలో 2024లో వచ్చిన స్లీప్ అప్నియా హెచ్చరిక ఆక్సిజన్ మీద ఆధారపడదు, మణికట్టు సూక్ష్మ కదలికల నుంచి ఊపిరి అంతరాయాలను అంచనా వేస్తుంది. వాచీ హెచ్చరిస్తే పరీక్షకి వెళ్ళండి. వాచీ ఏమీ అనలేదని మాత్రం ధైర్యపడకండి.

కట్టుకోవడంలోనే సగం రాత్రులు పాడవుతాయి, కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తాను. ఆయన ఎక్కువగా కుడివైపు తిరిగి పడుకుంటే ఎడమచేతికి కట్టండి. చూపుడు వేలుకన్నా ఉంగరం వేలు గానీ మధ్య వేలు గానీ మంచిది, రాత్రి తక్కువ కదులుతాయి. తొడుగులో కాంతి వచ్చే వైపు గోరు మీదికి, అందుకునే వైపు మెత్తటి కండ మీదికి రావాలి. తొడుగు మీద గోరు బొమ్మ ఉంటుంది, దాన్ని చూసుకోండి. వేలు చివరిదాకా వెళ్ళాలి. వైరును చేతి వెనకభాగం మీదుగా తెచ్చి ఒక చిన్న మెలిక వదిలి, కాగితపు ప్లాస్టర్‌తో చేతికి అంటించండి. వేలి చుట్టూ మాత్రం ప్లాస్టర్ బిగించి చుట్టకండి. జారుతుందని అలా చుడతారు, అప్పుడు సిరల్లో రక్తం నిలిచి అది కూడా పల్సులాగే కొట్టుకోవడం మొదలెడుతుంది, పరికరం దాన్ని కూడా కలిపి లెక్కేసి అంకెను తక్కువ చూపిస్తుంది. రాత్రంతా 89 దగ్గర గీత గీసినట్టు ఉండి, ఉదయం ప్లాస్టర్ విప్పగానే 95 అయితే కారణం ఇదే.

చేతులు చల్లగా ఉంటే వేలికొసల్లో రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఏసీ గదిలో ఆ చేతిని దుప్పటి లోపల ఉంచండి. పరికరం పర్‌ఫ్యూజన్ ఇండెక్స్ అనే ఇంకో అంకె (వేలి దగ్గర పల్సు ఎంత బలంగా ఉందో చెప్పేది) చూపిస్తే దాన్ని కూడా చూడండి: 1 పైన ఉంటే నిశ్చింత, 0.5 కిందికి వెళ్తే ఆ సమయంలో వచ్చిన ఆక్సిజన్ అంకెను అనుమానించాలి. గోళ్ళ రంగు తీసేయాలి, ముఖ్యంగా నలుపు, నీలం, ఆకుపచ్చ. అమ్మగారికి కొలిచేటట్టయితే, ఆషాఢం గోరింటాకు ముదురుగా పండిన వేళ్ళు వదిలి, పండని వేలు ఏదైనా ఉంటే అది వాడండి. అలాంటిది లేకపోతే కాలి బొటనవేలు ఉంది, కాకపోతే అక్కడ ఆలస్యం ఇంకా ఎక్కువ. రాత్రి బీపీ కొలిచే పట్టీ కూడా ఉంటే అది ఇంకో చేతికి.

పడుకోవడానికి ముందు పరికరం గడియారాన్ని ఫోన్ సమయంతో సరిచేయండి. సీపాప్ గడియారం కూడా చూసి రెండింటికీ ఎన్ని నిమిషాల తేడా ఉందో రాసుకోండి. నాలుగు నిమిషాల తేడా ఉన్నా మాస్కు లీకు ఒకచోట, ఆక్సిజన్ పల్లం ఇంకోచోట పడి, సంబంధం లేనివాటిని కలిపి చూస్తాం. తర్వాత మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని మెలకువగా పది నిమిషాలు రికార్డు చేయండి. ఆయన మామూలు మట్టం ఎంతో తెలియాలి కదా, మెలకువలో 97 ఉండే మనిషికీ 93 ఉండే మనిషికీ గీత ఒకేలా చదవకూడదు. నిద్రలో ఎవరికైనా ఒకటి రెండు శాతం తగ్గడం సహజం.

పక్కన కాగితం పెట్టి దీపం ఆర్పిన సమయం, బాత్రూంకి లేచిన సమయాలు, మాస్కు తీసేసిన సమయం, ఆ రాత్రి మద్యం తాగారా, నిద్రమాత్ర వేసుకున్నారా, ముక్కు దిబ్బడగా ఉందా అన్నవి రాయండి. ఒక్క రాత్రి చాలదు. వెల్లకిలా పడుకున్న రాత్రి ఒకలా, పక్కకి పడుకున్న రాత్రి ఇంకోలా వస్తుంది. మూడు రాత్రులు, ప్రతి రాత్రీ కనీసం నాలుగు గంటల మంచి సిగ్నల్ ఉండాలి. మొత్తం సీపాప్ పెట్టుకునే కొలవండి. "మిషన్ లేకుండా ఎంత పడుతుందో చూద్దాం" అని కుతూహలానికి మాస్కు తీసేయకండి. అది ఇదివరకు స్లీప్ స్టడీలో తేలిపోయింది.

ఉదయం సాఫ్ట్‌వేర్ తెరవగానే రిపోర్టు మొదటి పేజీలో "అత్యల్పం 74" అని ఎర్రగా కనిపిస్తుంది, ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. ఆ పేజీ పక్కన పెట్టి గీతకి వెళ్ళండి. నిలువు అక్షం 70 నుంచి 100 దాకా, అడ్డం మీద పది పదిహేను నిమిషాల కిటికీ పెట్టుకుని రాత్రంతా జరుపుతూ చూడండి. రాత్రి మొత్తాన్ని ఒకే తెర మీద కుక్కితే అసలైన పల్లమూ, సెన్సర్ కదిలిన గీతా రెండూ ఒక్కలాంటి సన్నటి పుల్లలే.

ఊపిరి ఆగడం వల్ల వచ్చే పల్లానికి ఒక ఆకారం ఉంది. దిగడం నిదానం, 20 నుంచి 40 సెకన్ల పాటు మెట్లు దిగినట్టు. ఎక్కడం చురుకు, 10 నుంచి 15 సెకన్లలో పాత మట్టానికి. ఇవి వరసగా వస్తే రంపపు పళ్ళలా ఉంటుంది. కింద పల్సు గీత చూడండి: పల్లం దిగుతున్నంతసేపూ పల్సు నెమ్మదిగా ఉండి, ఊపిరి అందగానే ఒక్కసారిగా 10, 15 పెరిగి మళ్ళీ దిగుతుంది. మెదడు ఉలిక్కిపడి గొంతు తెరిచిన గుర్తు అది. ఈ రెండూ జంటగా ఉంటే అనుమానం లేదు. దీనికి భిన్నంగా, 95 నుంచి ఒకటి రెండు సెకన్లలో నిట్టనిలువుగా 78కి పడి, అంతే నిలువుగా లేచి, ఆ సమయంలో పల్సు 60 నుంచి 130కి దూకినా, అసలు లేకుండా పోయినా అది వేలు కదిలిన గుర్తు. రక్తంలో ఆక్సిజన్ అంత వేగంగా పడదు, మామూలుగా సెకనుకి ఒక శాతం లోపే. రిపోర్టులో ఎర్రగా కనిపించిన 74 తరచుగా ఇలాంటి గీతే అవుతుంది. అలాంటి ముక్కలను సాఫ్ట్‌వేర్‌లో గుర్తుపెట్టి తీసేసి మళ్ళీ లెక్క వేయించండి.

తర్వాత పల్లాలు ఎప్పుడు వస్తున్నాయో చూడండి. కలలు వచ్చే ఆర్‌ఈఎం నిద్ర సుమారు 90 నిమిషాలకొకసారి వస్తుంది, తెల్లవారుజామున ఎక్కువసేపు ఉంటుంది. అప్పుడు ఒంటి కండరాలన్నీ వదులైపోతాయి, గొంతువి కూడా. అందుకే చాలామందిలో రాత్రి మొదటి భాగమంతా బాగుండి మూడు, నాలుగు, ఐదు గంటల మధ్య గుంపుగా లోతైన పల్లాలు పడతాయి. ఇవి 20, 30 నిమిషాలుండి ఆగిపోతే ఆర్‌ఈఎం అనుకోవచ్చు. ఏ సమయమనే లెక్కలేకుండా, ఒక చోట హఠాత్తుగా మొదలై, ఇంకోచోట హఠాత్తుగా ఆగిపోతే వెల్లకిలా తిరిగిన సమయం కావచ్చు. దీనికి ఫోన్ కెమెరానో, పడక భంగిమ రికార్డు చేసే పరికరమో తోడుగా ఉంటే వెంటనే తేలిపోతుంది. పక్కకి తిరిగి పడుకోబెడితేనే సగం సమస్య తీరేవాళ్ళూ ఉంటారు.

రంపపు పళ్ళు లేకుండా గీత మొత్తం 87, 88 దగ్గరకి దిగి గంటల తరబడి అక్కడే ఉండిపోతే కథ వేరు. ముందు బిగించిన ప్లాస్టర్, చల్లటి చేయి కాదని తేల్చుకోండి. అవి కాకపోతే ఊపిరి ఆగడం కాదు, ఊపిరి చాలకపోవడం: బాగా బరువున్నవారిలో వచ్చే హైపోవెంటిలేషన్, లేదా ఎక్కువకాలం పొగతాగినవారి సీఓపీడీ, ఇంకేదైనా ఊపిరితిత్తుల జబ్బు. వీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, ఉదయం తలనొప్పి, పగలంతా మత్తు ఉంటాయి. మామూలు రక్తపరీక్షలో సీరమ్ బైకార్బనేట్ 27 దాటితే డాక్టరు ధమని రక్తపరీక్ష చేయిస్తారు. సీపాప్ ఒక్కటే వీళ్ళకి చాలకపోవచ్చు, లోపలికి ఒక ఒత్తిడి, బయటికి ఇంకో ఒత్తిడి ఇచ్చే బైపాప్ అవసరపడొచ్చు.

మూడో ఆకారం అరుదుగా కనిపిస్తుంది: అలలా నున్నగా, ఒక్కో అల ఒక నిమిషం అటూ ఇటూ, అన్నీ ఒకే కొలత. అది చెయిన్-స్టోక్స్ ఊపిరి (పెరుగుతూ, తగ్గుతూ, మధ్యలో ఆగుతూ సాగే ఊపిరి) కావచ్చు, గుండె వైఫల్యం ఉన్నవాళ్ళలో ఎక్కువ. సీపాప్ రిపోర్టుతో పాటు గుండె డాక్టరుకి చూపించాల్సిన గీత అది.

ఇక అంకెలు. ఓడీఐ అంటే గంటకి ఎన్నిసార్లు ఆక్సిజన్ పడింది అని. మూడు శాతం పడితే లెక్కపెట్టేది ఒకటి, నాలుగు శాతానిది ఇంకొకటి. అదే రాత్రికి మూడు శాతం లెక్కలో 22, నాలుగు శాతం లెక్కలో 13 రావచ్చు. రిపోర్టులో ఏది వాడారో చూడకుండా పాతదానితో పోల్చకండి. ఇంకో చిక్కు భాగహారంలో ఉంది. ఎనిమిది గంటల రికార్డులో 60 పల్లాలు ఉంటే ఓడీఐ 7.5. ఆయన అందులో రెండు గంటలు మెలకువగా ఉన్నారనుకోండి, నిద్ర ఆరు గంటలే, అప్పుడు అది 10. ఆక్సీమీటరుకి నిద్ర, మెలకువ తెలియవు. కాగితం మీద సమయాలు రాయమన్నది ఇందుకే.

టీ90 అనేది 90 శాతం కింద గడిపిన సమయం. ఎన్ని పల్లాలన్నదానికన్నా ఎంత లోతు, ఎంతసేపు అన్నదే గుండెకి ముఖ్యమని ఇప్పుడు బలంగా అనుకుంటున్నారు. ఆ లోతును, సమయాన్ని కలిపి లెక్కించే హైపాక్సిక్ బర్డెన్ అనే కొలత గుండెజబ్బు మరణాలతో ముడిపడి ఉందని 2019లో యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో వచ్చింది. 90 అనే గీత ఊరికే గీసింది కాదు. రక్తంలో ఆక్సిజన్ పీడనం 60 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉన్నప్పుడు ఈ అంకె వస్తుంది, అక్కడి నుంచి కింద కొంచెం పీడనం తగ్గినా శాతం జారిపోతుంది. 97 నుంచి 93కి పడటానికీ, 90 నుంచి 86కి పడటానికీ శరీరంలో జరిగేది ఒకటి కాదు.

ఏహెచ్ఐ 5 నుంచి 15 తేలిక, 15 నుంచి 30 మధ్యస్థం, 30 పైన తీవ్రం. ఓడీఐని సరిగ్గా ఇదే కొలబద్ద మీద పెట్టకండి. పల్లం పడకుండా మెదడు మేలుకొనే అంతరాయాలను ఏహెచ్ఐ లెక్కపెట్టొచ్చు, ఓడీఐ లెక్కపెట్టదు. సన్నగా ఉన్న యువకుల్లో గొంతు మూసుకున్నా ఆక్సిజన్ పెద్దగా పడదు. అందుకే గురక, పగటి మత్తు ఉన్న మనిషికి ఆక్సీమీటరు గీత శుభ్రంగా వచ్చినంత మాత్రాన అప్నియా లేదనలేం. అలాంటివారికి స్లీప్ ల్యాబ్‌లో పూర్తి పరీక్ష కావాలి.

పరికరం మోసపోయే సందర్భాలు కొన్ని ఉన్నాయి. బీడీ, సిగరెట్లు తాగేవారి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ని పరికరం ఆక్సిజన్ ఉన్నదనుకుంటుంది, అంకె నిజం కన్నా ఎక్కువ వస్తుంది. డాప్సోన్ మాత్రలు (కుష్ఠుకీ, కొన్ని చర్మ జబ్బులకీ ఇచ్చేవి) వాడేవారిలో మెథిమోగ్లోబిన్, అంటే ఆక్సిజన్ మోయలేని హిమోగ్లోబిన్, పెరిగితే అంకె 85 వైపు లాగబడుతుంది. రక్తహీనతలో శాతం నిక్షేపంగా ఉంటుంది, మోసుకెళ్ళే రక్తమే తక్కువ. చర్మం రంగు ముదురైన కొద్దీ అంకె నిజం కన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికా ఆసుపత్రుల రికార్డులతో గట్టిగా తేలింది. మనవాళ్ళలో 89 దగ్గర ఉన్న గీతను "90కి దగ్గరే కదా" అని తీసిపారేయకపోవడం మంచిది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఉంటే పల్సు గీతతో జంట చూసే పద్ధతి పనికిరాదు.

సీపాప్ పెట్టుకున్నా గీతలో రంపపు పళ్ళు కనిపిస్తే ఒత్తిడి పెంచేయాలని మీరే తీర్మానించకండి. ముందు లీకు గీత చూడండి. రెస్‌మెడ్ కంపెనీ సీపాప్ మిషన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే అది పెద్ద లీకు. నాన్నగారు నోరు తెరిచి పడుకుంటుంటే ముక్కు మాస్కు గాలంతా నోట్లోంచి పోతుంది. పల్లాల గుంపు మొదలైన సమయంలో లీకు కూడా లేస్తే మాస్కు సంగతి. లీకు లేకుండా తెల్లవారుజామున గుంపు వస్తే ఆర్‌ఈఎంలో ఒత్తిడి చాలకపోవచ్చు. మాస్కు తీసేసిన తర్వాత వచ్చిన పల్లాలైతే సమస్య మిషన్‌ది కాదు, మూడు గంటలకే మాస్కు ఎందుకు తీసేస్తున్నారన్నది: ముక్కు దిబ్బడ, ముక్కు దూలం మీద ఒరిపిడి, గొంతు ఎండిపోవడం. మిషన్ ఏహెచ్ఐ 2 అని చెప్తున్నా ఆక్సీమీటరులో పళ్ళుంటే రెండో గీతనే నమ్మండి. మిషన్‌కి గాలి ప్రవాహం తెలుసు, రక్తం సంగతి తెలియదు.

ఆక్సిజన్ మిషన్ ఇప్పుడు కొనకండి. కోవిడ్ తర్వాత చాలా ఇళ్ళల్లో కాన్సన్‌ట్రేటర్లు మిగిలిపోయాయి, గురక పెట్టే పెద్దవాళ్ళకి దాన్ని తగిలించడం మామూలైంది. ఆక్సిజన్ గొంతును తెరవదు. మట్టం పైకి లేపుతుంది కాబట్టి గీత అందంగా కనిపిస్తుంది, లోపల మాత్రం ఊపిరి ఆగడం ఇంకాస్త ఎక్కువసేపు సాగొచ్చు, ఊపిరి చాలని మనిషిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఉదయం లేపినా లేవలేని మత్తు వస్తుంది. ముందు సీపాప్ సరిగ్గా కుదరాలి. కుదిరిన తర్వాత కూడా ఆక్సిజన్ తక్కువగానే ఉంటే అప్పుడు సీపాప్ గొట్టంలోకే ఆక్సిజన్ కలపడం గురించి డాక్టరు చూస్తారు. అమెరికాలో ఉన్న మీ బంధువుల్ని అడిగినా ఇదే చెప్తారు: అక్కడ మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా రాత్రి ఆక్సిజన్‌కి డబ్బు ఇవ్వాలంటే నిద్రలో 88 లేదా అంతకన్నా తక్కువ కనీసం 5 నిమిషాలు ఉండాలి, అప్నియా ఉన్నవారికైతే సీపాప్ సరిగ్గా పనిచేస్తున్నప్పుడు అలా ఉండాలి.

రికార్డు కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సినవి: పగలు మెలకువగా కూర్చున్నప్పుడే, చేతులు వెచ్చగా ఉండగా, వేలు మార్చి చూసినా 90 కింద ఉంటే. పెదాలు నీలంగా ఉన్నా, ఉదయం పిలిస్తే సరిగా పలకకపోయినా, కాళ్ళ వాపుతో ఆయాసం వచ్చినా అంతే. ఆయన కారో బండో నడుపుతుంటే, పగటి మత్తు పోయిందని తేలేదాకా తాళాలు మీ దగ్గర ఉంచుకోండి. ఈ మాట చెప్పడం ఇంట్లో కష్టమే, అయినా చెప్పాలి.

డాక్టరు దగ్గరకి వెళ్ళేటప్పుడు అత్యల్ప అంకె స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపకండి. మూడు రాత్రుల పూర్తి రిపోర్టులు, సీపాప్ ఎస్డీ కార్డు, సమయాలు రాసిన కాగితం తీసుకెళ్ళండి. ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించండి, అందులో స్లీప్ ల్యాబ్ ఉన్నచోటైతే మేలు. మాస్కు మార్చినా, ఒత్తిడి మార్చినా వారం అలవాటయ్యాక మళ్ళీ మూడు రాత్రులు అదే వేలికి, అదే పరికరంతో కొలవండి. రెండు సెట్లనూ ఒకే ఓడీఐ నిర్వచనంతో లెక్కించి పక్కపక్కన పెడితే మార్పు పనిచేసిందో లేదో డాక్టరుకి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.